అద్దాలన్నీ ఎత్తే ఉన్నాయి, అయినా గొంతు మండుతోంది: కారు లోపలి గాలి సంగతేంటి?

పెట్రోల్‌పక్షి (నిజాంపేట) | డిసెంబర్ 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు రోజూ నిజాంపేట నుంచి గచ్చిబౌలికి ప్రయాణం. జేఎన్‌టీయూ, హైటెక్ సిటీ, మైండ్‌స్పేస్ మీదుగా పొద్దున గంటా పది నిమిషాలు పడుతుంది. సాయంత్రం ఎంత పడుతుందో ఆ దేవుడికే తెలియాలి. అద్దాలు దించే అలవాటు లేదు. ఏసీ రెండో నంబర్ మీద ఉంటుంది. అయినా నెల రోజులుగా ఆఫీసు పార్కింగ్‌లో దిగేసరికి గొంతు మండుతోంది, ముక్కు బిగుసుకుపోతోంది. శని, ఆదివారాల్లో ఏమీ ఉండదు. మా ఆవిడ మెట్రోలో వెళ్తుంది, తనకి ఈ బాధ లేదు.

ఆఫీసులో ఒకతని దగ్గర అరచేతిలో పట్టే పీఎం 2.5 మీటరు (గాలిలో సన్న నుసి ఎంతుందో చూపించేది) ఉంటే అడిగి తెచ్చుకుని పక్క సీట్లో పెట్టాను. అపార్ట్‌మెంట్ కింద ఘనపు మీటరుకి 60 చిల్లర మైక్రోగ్రాములు చూపించింది. జేఎన్‌టీయూ దగ్గర ఒక డీసీఎం (చిన్న లారీ) వెనక ఇరుక్కున్నాక, అద్దాలు ఎత్తి ఉండగానే, 140 దాటింది. డీసీఎం మలుపు తిరిగి వెళ్లిపోయాక కూడా చాలాసేపు దిగలేదు.

నా ప్రశ్నలు రెండు. మూసిన కారులోకి పొగ ఎలా వస్తోంది? డ్యాష్‌బోర్డు మీద కారు బొమ్మలో బాణం వంపు తిరిగి ఉండే బటన్ ఒకటుంది కదా, అది నొక్కి ఉంచాలా వద్దా? ఊపిరాడక చస్తావని మా బావమరిది బెదిరిస్తున్నాడు.

---

బైకుబాబాయ్ (బాలానగర్) | డిసెంబర్ 2, రాత్రి 9:58

ఏసీ కారులో కూర్చుని గొంతు మంటా! అదే డీసీఎం పక్కన హెల్మెట్ పెట్టుకుని నిలబడ్డవాణ్ని నేనే అయి ఉంటాను. మా గోడు ఏ మీటరుకి చెప్పుకోవాలి సార్?

వెక్కిరింపు కాదు, నిజంగానే అడుగుతున్నా. కారువాళ్లకి కూడా ఇంత ఉంటుందని నాకు తెలీదు.

---

పానా పదహారు (మూసాపేట) | డిసెంబర్ 2, రాత్రి 10:25

పక్షి అన్నా, నాది చిన్న గ్యారేజ్, ఇరవై ఏళ్లుగా ఇదే పని. కారు మూసిన డబ్బా అనుకోవడమే మొదటి పొరపాటు. ముందు అద్దం కింద, వైపర్లు ఉండేచోట నల్లటి జాలీ ఉంటుంది చూడండి. బటన్ నొక్కకపోతే బ్లోయరు గాలి లాగేది అక్కణ్నుంచే. నొక్కితే ఆ దారి మూసుకుని లోపలి గాలే తిరుగుతుంది. ముందున్న బండి సైలెన్సరుకి, ఆ జాలీకి మధ్య ట్రాఫిక్‌లో ఎంత దూరం ఉంటుంది? ఆరడుగులు. అంటే ఎదుటి బండి వదిలింది చల్లబడకముందే మీ కారులోకి తెచ్చుకుంటున్నారు. ఏసీ దాన్ని చల్లబరుస్తుంది, శుభ్రం చెయ్యదు. శుభ్రం చెయ్యాల్సింది ఫిల్టరు.

మీ ఏసీ ఫిల్టర్ ఎప్పుడు మార్చారు? ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్ కాదు, అది బానెట్ కింద ఉండేది. నేనడిగేది క్యాబిన్‌ది, అంటే మీరు కూర్చునే చోటికి వచ్చే గాలిని వడకట్టేది.

---

పెట్రోల్‌పక్షి | డిసెంబర్ 2, రాత్రి 10:41

ప్రతి సర్వీసింగ్‌లోనూ మారుస్తున్నారండీ. బిల్లులు దాచాను. మూడు బిల్లుల్లోనూ ఉంది.

---

పానా పదహారు | డిసెంబర్ 2, రాత్రి 10:44

బిల్లులో ఉండటం వేరు, బండిలో ఉండటం వేరు. గ్లవ్ బాక్స్ తెరిచి రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందకి వాలుతుంది. వెనక సన్నటి ప్లాస్టిక్ మూత ఉంటుంది, క్లిప్పు నొక్కి లాగండి. పానాతో పని లేదు, అయిదు నిమిషాలు చాలు. ఫొటో పెట్టండి.

---

ఓఆర్ఆర్ ఒంటరి (నార్సింగి) | డిసెంబర్ 2, రాత్రి 11:15

ఇంత హడావుడి ఎందుకో నాకు అర్థం కాదు. నేను పదేళ్లుగా అద్దాలు దించే నడుపుతున్నా. ప్రకృతి ఇచ్చిన గాలి కన్నా ఏసీ గాలి మంచిదా? మా నాన్న అంబాసిడర్‌లో ఏసీయే లేదు, ఎనభై దాటినా గట్టిగా ఉన్నారు.

---

లెక్కల మాస్టారు (హనుమకొండ) | డిసెంబర్ 3, ఉదయం 6:05

ఒంటరి గారూ, మీ నాన్నగారు ఆరోగ్యంగా ఉండటం సంతోషం. కానీ వారు అంబాసిడర్ నడిపిన రోడ్డు మీద ఎన్ని బండ్లు ఉండేవి? మీరు ఔటర్ రింగ్ రోడ్డు మీద తెల్లవారుజామున అద్దాలు దించితే నాకు అభ్యంతరం లేదు. మైండ్‌స్పేస్ అండర్‌పాస్‌లో దించితేనే ఉంది. అండర్‌పాస్‌లో పొగ చెదిరిపోవడానికి చోటు తక్కువ.

ఈ విషయాన్ని పది నగరాల కార్లలో కొలిచారు. ఇంగ్లండ్‌లోని సర్రే విశ్వవిద్యాలయం వాళ్లు నడిపించిన పని అది. మన చెన్నై కూడా అందులో ఉంది. అద్దాలు దించినప్పుడు లోపల నుసి అన్నిటికన్నా ఎక్కువ, అద్దాలెత్తి లోపలి గాలినే తిప్పినప్పుడు అన్నిటికన్నా తక్కువ ఉందని తేలింది. కాబట్టి పక్షిగారి రెండో ప్రశ్నకి సగం జవాబు: బటన్ నొక్కండి.

మిగతా సగం మీ బావమరిది వైపు ఉంది. లెక్క చూద్దాం. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి సుమారు 0.3 లీటరు కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. చిన్న కారు లోపలి చోటు మూడు ఘనపు మీటర్లు, అంటే 3,000 లీటర్లు అనుకుందాం. గాలి ఎటూ పోకపోతే ఒక్కొక్కరి వల్ల నిమిషానికి 100 పీపీఎం (పది లక్షల వంతుల్లో వంద) పెరగాలి. బయటి గాలిలో ఉండేది 420 పీపీఎం పైచిలుకు. నలుగురు ఎక్కి బటన్ నొక్కితే పది నిమిషాల్లో 4,000 దాటాలి. నిజానికి తలుపు సందుల్లోంచి కొంత పోతూనే ఉంటుంది, బండి వేగంగా వెళ్తే ఇంకా ఎక్కువ పోతుంది కాబట్టి అంత త్వరగా ఎక్కదు. అయినా అరగంటలో 2,000, 3,000 చేరడం మామూలే. ప్రాణం పోదు. కానీ తల బరువు, ఆవులింతలు, మగత వస్తాయి. స్టీరింగ్ పట్టుకున్నవాడికి మగత చిన్న విషయం కాదు.

ఒక్కరే వెళ్తుంటే ట్రాఫిక్‌లో బటన్ నొక్కి, రోడ్డు ఖాళీగా దొరికినప్పుడల్లా ఒకటి రెండు నిమిషాలు తీసేయండి. నలుగురుంటే పదేసి నిమిషాలకి తీయాలి.

---

బైకుబాబాయ్ | డిసెంబర్ 3, ఉదయం 7:20

మాస్టారూ, మీరు నా ఇంటర్‌లో ఉంటే నేను ఫిజిక్స్ పాసయ్యేవాణ్ని.

---

ఊపిరి (గుంటూరు) | డిసెంబర్ 3, మధ్యాహ్నం 2:10

వృత్తిరీత్యా ఛాతీ వైద్యురాలిని. ఇక్కడ ఎవరికీ మందు రాయను, అడగొద్దు.

పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న నుసి. తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్ల మధ్య ఉంటుందంటే పోల్చుకోండి. ముక్కులో వెంట్రుకలు, తెమడ పట్టుకునేది పెద్ద దుమ్మునే. ఈ సన్న నుసి ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళ్తుంది. డీజిల్ పొగలో ఇంకా సన్నవి, 0.1 మైక్రాన్ లోపువి, లెక్కలేనన్ని ఉంటాయి. మరీ చిన్నవి కావడంతో పక్షిగారి మీటరు లాంటివి వాటిని దాదాపు చూడలేవు. కాబట్టి మీటరులో అంకె తగ్గింది కదా అని పూర్తిగా నిశ్చింతగా ఉండొద్దు.

డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే మొదటి జాబితాలో చేర్చింది. మరుసటి ఏడాది బయటి గాలి కాలుష్యాన్ని మొత్తంగా అదే జాబితాలో పెట్టింది. ఇరవై నాలుగు గంటల సగటు మన దేశ ప్రమాణం ప్రకారం ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. ఇవి రోజంతటి సగటులు, ట్రాఫిక్‌లో కనిపించే అయిదు నిమిషాల అంకెతో నేరుగా పోల్చకూడదు. 140 చూసి భయపడి కారు అమ్మేసుకోవద్దు.

బైకుబాబాయ్ గారూ, మీరడిగింది సరైన ప్రశ్న. 2011లో అచ్చయిన ఒక పరిశోధనలో ఢిల్లీ ఆటోల్లో పీఎం 2.5 సుమారు 190 ఉందని కొలిచారు. అది అదే సమయంలో నగరపు గాలిలో ఉన్నదానికన్నా ఒకటిన్నర రెట్లు. తలుపుల్లేని బండిలో రోడ్డు మీద పొగ అంతా మనిషి మీదికే వస్తుంది. బైకూ అంతే. మీకు ముఖానికి అతుక్కునే ఎన్95 మాస్కు పనికొస్తుంది. చేతి రుమాలు పనికిరాదు. మాస్కు నుసినే ఆపుతుంది, వాయువుల్ని ఆపదు.

గొంతు మంట పని రోజుల్లోనే వచ్చి సెలవుల్లో పోతుందన్నారు పక్షిగారు. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఆ ఒక్క మాట చెప్పడానికి అరగంట తీసుకుంటారు.

---

పెట్రోల్‌పక్షి | డిసెంబర్ 3, రాత్రి 8:55

పానా అన్నా, నీ నోట చక్కెర పొయ్యాలా, నీ కాళ్లకి మొక్కాలా తెలీటం లేదు.

ఇప్పుడే తీశాను. ఫొటో కింద ఉంది. తెల్లగా ఉండాల్సింది బొగ్గు రంగులో ఉంది. మడతల్లో ఎండిన వేపాకులు, రెండు చింతగింజలు, ఎలుక రెట్టలు. ఒక మూల కొరికి పత్తిలాగా పోగేసింది, అక్కడ పిల్లల్ని పెట్టే ఆలోచనలో ఉన్నట్టుంది. ఫిల్టరు అంచు మీద అచ్చు వేసి ఉన్న తయారీ నెల చూస్తే, అది నేను కారు కొన్న నెలకన్నా ముందుది. అంటే కారుతోపాటు వచ్చిన ఫిల్టరే! మూడుసార్లు డబ్బు కట్టాను. మూడు బిల్లులూ ముందు పెట్టుకుని చూస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియక అన్నం కూడా సహించలేదు.

ఆ సర్వీస్ సెంటర్ పేరు

---

వేదిక నిర్వాహకుడు | డిసెంబర్ 3, రాత్రి 9:02

పక్షిగారి పోస్టులో చివరి వాక్యం తొలగించాను. కోపం అర్థమవుతోంది కానీ ఇక్కడ పేర్లు వద్దు. బిల్లులు, ఫొటో పట్టుకుని వాళ్లనే అడగండి. వినకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది.

---

పానా పదహారు | డిసెంబర్ 3, రాత్రి 9:30

ఎలుక నాకు కొత్త కాదు. పోయినేడు ఒక బండిలో ఏకంగా వడియాలు దొరికాయి.

ఇప్పుడు చెయ్యాల్సింది. కొత్తది కొనేటప్పుడు రెండు రకాలు చూపిస్తారు. తెల్లగా ఉండేది మామూలు దుమ్ము ఫిల్టరు, ఆకూ అలమూ, పెద్ద దుమ్మూ ఆపుతుంది. సన్న నుసిని కొంతే పట్టుకుంటుంది. బూడిద రంగులో ఉండేది బొగ్గు పొర ఉన్నది, వాసనలు, కొన్ని వాయువులు కూడా కాస్త పట్టుకుంటుంది. పీఎం 2.5 అని రాసి అమ్మేవీ వచ్చాయి, అందులో నకిలీ ఎక్కువ. ఫిల్టరు మీద బాణం ఉంటుంది, గాలి వెళ్లే వైపుకి పెట్టాలి. తిరగేసి పెట్టిన బండ్లు వారానికి ఒకటి చూస్తాను. పది పదిహేను వేల కిలోమీటర్లకో, ఏడాదికోసారో మార్చమని కంపెనీలు అంటాయి. మన రోడ్లకి, మెట్రో పిల్లర్ల పక్కనో ఫ్లైఓవర్ కట్టేచోటో రోజూ తిరిగేవాళ్లకి, ఆరు నెలలకోసారి తీసి చూసుకోవడం మేలు. కంప్రెసరు గాలితో ఊది మళ్లీ పెట్టేవాళ్లున్నారు. అలా ఊదితే పొర చిరుగుతుంది, లాభం లేదు.

బటన్ సంగతి మాస్టారు చెప్పారు. నేను ఒకటి కలుపుతా. ఇప్పటి బండ్లలో చాలావాటికి బటన్ నొక్కినా లోపలి గాలి మళ్లీ ఆ ఫిల్టర్‌లోంచే తిరుగుతుంది. మురికి నీళ్లని ఒకే గుడ్డలో పదిసార్లు వడకట్టినట్టు. అందుకే ఫిల్టరు బాగుండి బటన్ నొక్కితే నంబరు చకచకా దిగుతుంది. ఫిల్టరు చచ్చిపోతే ఎంతసేపు తిప్పినా అదే మురికి.

---

అమ్ములు వాళ్ల అమ్మ (విజయవాడ) | డిసెంబర్ 4, ఉదయం 10:12

నా ప్రశ్న కూడా ఇక్కడే అడుగుతున్నా. మా పాపకి ఆరేళ్లు, ఆయాసం ఉంది. బెంజ్ సర్కిల్ దాటి స్కూలుకి కారులోనే దింపుతాను. కారులో వాసన రాకూడదని ఏసీ వెంట్‌కి తగిలించే సెంటు పెట్టాను. మావారు పుట్టినరోజుకి గాలి శుభ్రం చేస్తుందంటూ అమ్మే అయోనైజర్ ఒకటి కొనిచ్చారు, సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెడితే నీలం లైటు వెలుగుతుంది. అది పెట్టిన దగ్గర్నుంచి పాప కారెక్కితే దగ్గుతోందని నాకు అనుమానం. ఆయన్ని అంటే బాధపడతారు.

---

ఊపిరి | డిసెంబర్ 4, ఉదయం 11:40

రెండూ ఈరోజే తీసేయండమ్మా. సెంట్లు గాలిని శుభ్రం చెయ్యవు, వాసన మీద వాసన కప్పుతాయి. ఆయాసం ఉన్న పిల్లలకి వాటితో దగ్గు రేగడం మాకు అలవాటైన కథ. పాప చూపించుకునే డాక్టరుగారికి కారులో దగ్గు సంగతి విడిగా చెప్పండి.

---

ఫ్రీమాంట్ ఫణి (కాలిఫోర్నియా) | డిసెంబర్ 4, మధ్యాహ్నం 12:30

అయోనైజర్ గురించి ఒక మాట. అలాంటి పరికరాలు చాలావరకు ఓజోన్ పుట్టిస్తాయి. పై వాతావరణంలో ఓజోన్ మనల్ని కాపాడుతుంది. ముక్కు ముందర ఉంటే ఊపిరి గొట్టాల్ని రాపిడి చేస్తుంది. మా రాష్ట్రంలో గాలి శుద్ధి పరికరాలు 0.050 పీపీఎం కన్నా ఎక్కువ ఓజోన్ వదలకూడదని చట్టమే ఉంది. సాకెట్‌లో పెట్టుకునే చవక సరుకులో ఎంత వస్తుందో ఎవడూ కొలిచి అమ్మడు.

ఇక్కడ 2020 సెప్టెంబర్ 9న అడవి మంటల పొగకి మధ్యాహ్నం ఆకాశం నారింజ రంగులోకి మారిపోయింది, పట్టపగలే హెడ్‌లైట్లు వేసుకుని తిరిగాం. అప్పుడు నేర్చుకున్నాను ఈ బటన్ విలువ. అంతకుముందు నా దృష్టిలో అది ఎడారిలో వాడేది.

అమ్ములు వాళ్ల అమ్మ గారూ, మీవారికి ఓజోన్ సంగతి చెప్పండి. తప్పు ఆయనది కాదు, అమ్మినవాడిది.

---

అమ్ములు వాళ్ల అమ్మ | డిసెంబర్ 4, రాత్రి 9:15

చెప్పాను. "నీలం లైటు బాగుందని కొన్నాను" అన్నారు.

---

నోయిడా నాయుడు | డిసెంబర్ 4, రాత్రి 10:20

హైదరాబాద్ వాళ్లు 140కే ఇంత చర్చ పెట్టారు. నవంబర్‌లో ఒకసారి ఇటు రండి, మీ మీటరుకి కళ్లు తిరుగుతాయి. మాకు దీపావళి తర్వాత ఉదయాలు ఎలా ఉంటాయంటే, ఒక్కోసారి పాత కాలుష్య ప్రమాణాల బండ్లని, అంటే బీఎస్ 3 పెట్రోల్, బీఎస్ 4 డీజిల్ కార్లని రోడ్డు మీదకే రానివ్వరు.

నేను కారుకి హెపా ఫిల్టర్ (సన్న నుసిని కూడా పట్టే దట్టమైన ఫిల్టర్) ఉన్న ప్యూరిఫైయర్ కొన్నాను. అది పనిచేస్తుంది, అబద్ధం చెప్పను. కానీ బటన్ నొక్కకుండా బయటి గాలి పెట్టి ప్యూరిఫైయర్ వేస్తే, ఓటి కుండలో నీళ్లు పోసినట్టే. బటన్ నొక్కి, మంచి ఫిల్టర్ వేశాక దాని అవసరం సగం తగ్గింది. ఇంకోటి, హెపా నుసిని పడుతుంది, నైట్రోజన్ డయాక్సైడ్ లాంటి వాయువుల్ని పట్టదు.

---

ఓఆర్ఆర్ ఒంటరి | డిసెంబర్ 5, ఉదయం 8:30

సరే, నుసి సంగతి ఒప్పుకుంటా. కానీ అద్దాలు ఎత్తుకుని ఏసీ వేసుకుని పార్కింగ్‌లో పడుకున్నవాళ్లు చనిపోయారని ప్రతి ఏడాదీ పేపర్లో వస్తుంది. దానికేమంటారు? మీరందరూ బటన్ నొక్కమంటున్నారు, ఎవరైనా నొక్కి పడుకుంటే?

---

పానా పదహారు | డిసెంబర్ 5, ఉదయం 9:05

ఒంటరి అన్నా, ఈసారి నీతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తా. అందరూ చదవండి. ఆగి ఉన్న బండిలో ఇంజిన్ నడుపుతూ పడుకోవద్దు. చంపేది మాస్టారు చెప్పిన కార్బన్ డయాక్సైడ్ కాదు, కార్బన్ మోనాక్సైడ్. సైలెన్సరుకి చిల్లు పడినా, గ్యాస్కెట్ కారినా, మూసిన షెడ్డులో పెట్టినా పొగ కింద నుంచి లోపలికి చేరుతుంది. రంగు లేదు, వాసన లేదు. బటన్ నొక్కినా నొక్కకపోయినా ప్రమాదమే. నడిచే బండిలో కూడా పొగ వాసనతోపాటు తలనొప్పి వస్తుంటే వెంటనే అద్దాలు దించి ఆపండి, సైలెన్సర్ చూపించండి.

---

ఊపిరి | డిసెంబర్ 5, ఉదయం 9:50

రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కన్నా కార్బన్ మోనాక్సైడ్‌తో అంటుకునే గుణం రెండు వందల రెట్లు పైనే. నిద్రలో ఉన్నవాడికి మెలకువ రాదు. పానా గారు చెప్పింది అక్షరాలా నిజం.

---

గాజువాక గాలి (విశాఖపట్నం) | డిసెంబర్ 5, సాయంత్రం 6:15

మాది ఇంకో రకం. గాజువాక నుంచి కంచరపాలెం వెళ్లాలంటే ఒక పక్క పోర్టు బొగ్గు దుమ్ము, ఇంకో పక్క రిఫైనరీ వాసన. ఊరి చుట్టూ కొండలు, గిన్నెలో కూర్చున్నట్టుంటుంది, చలికాలం గాలి కదలక పోతే దుమ్ము అక్కడే తిరుగుతుంది. నా ఫిల్టరు మీద నలుపు తుడిస్తే వేలికి అంటుకుంటుంది. ఎలక్ట్రిక్ కారు కొంటే పోతుందేమో అనుకున్నా.

---

లెక్కల మాస్టారు | డిసెంబర్ 5, రాత్రి 7:40

మీ బండి పొగ మీకు రాదు, నిజమే. మీరు పీల్చేది పక్కవాళ్లది కదా. పైగా బ్రేకులు, టైర్ల అరుగుదల, రోడ్డు మీద లేచే దుమ్ము ఎలక్ట్రిక్ బండికీ తప్పవు. ఊళ్లో అందరూ మారితే డీజిల్ పొగ తగ్గుతుంది. మీరొక్కరే మారితే మీ ఫిల్టరు రంగు పెద్దగా మారదు.

ఇంకో మాట, యాప్‌లలో కనిపించే గాలి నాణ్యత అంకెల గురించి. హైదరాబాద్‌లో కొలిచే కేంద్రాలు సనత్‌నగర్, బొల్లారం, జూపార్క్, పటాన్‌చెరులోని ఇక్రిశాట్, కేంద్రీయ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల ఉన్నాయి. పక్షిగారి దారికి దగ్గరున్నది విశ్వవిద్యాలయం కేంద్రం. అది పెద్ద ఆవరణ, చెట్లు, బండరాళ్లు, చెరువులు. అక్కడి అంకె చూసి గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర గాలి బాగుందనుకుంటే ఎలా? ఊరు మొత్తానికి గాలి ఎలా ఉందో చెప్పడానికే ఆ కేంద్రాలు. మీ వైపర్ల కింద జాలీకి ఎదురుగా ఏముందో అవి చెప్పవు.

చేతి మీటరు వాడేవాళ్లకి: గాలిలో తేమ ఎక్కువుంటే, మంచు పట్టిన తెల్లవారుజామున, అది నిజం కన్నా ఎక్కువ చూపిస్తుంది. నీటి బిందువుల్నీ నుసిగా లెక్కేస్తుంది పాపం.

---

పెట్రోల్‌పక్షి | డిసెంబర్ 7, రాత్రి 8:20

బొగ్గు పొర ఉన్న ఫిల్టరు కొని నేనే వేసుకున్నాను. బాణం చూసే పెట్టాను పానా అన్నా. నిన్న, ఈరోజు అదే సమయానికి అదే దారిలో మీటరు పెట్టి వెళ్లాను. ఇది పరిశోధన కాదు, రెండు రోజుల ముచ్చట, ఎవరూ పట్టుకుని వాదించొద్దు.

కొత్త ఫిల్టరుతో, బటన్ నొక్కకుండా: జేఎన్‌టీయూ దగ్గర 90ల్లో ఉంది. నొక్కాక అయిదారు నిమిషాల్లో 30 కిందకి దిగింది. మాస్టారు చెప్పినట్టు రోడ్డు ఖాళీ దొరికినచోట కాసేపు తీశాను, కాస్త ఎక్కి మళ్లీ నొక్కగానే దిగింది. మర్చిపోకుండా ఉండటానికి ఒక గుర్తు పెట్టుకున్నాను: లారీ, టిప్పర్, ఏడు సీట్ల ఆటో కనిపిస్తే నొక్కడం, ఫ్లైఓవర్ ఎక్కితే తీయడం. ముందు బండికి, నాకు మధ్య కాస్త ఎడం ఇస్తే కూడా తేడా ఉంది. ఎడం ఇస్తే ఆ సందులో ఒక బైకు, ఒక ఆటో, ఒక స్విగ్గీ కుర్రాడు దూరతారు, అది వేరే సంగతి.

గొంతు మంట తగ్గినట్టే ఉంది. రెండు రోజులే కదా, చూద్దాం. సర్వీస్ సెంటర్ వాళ్లు మొదట "మీరే మార్చి పాత ఫొటో తెచ్చారు" అన్నారు. తయారీ నెల చూపించాక మూడు ఫిల్టర్ల డబ్బు వెనక్కి ఇచ్చారు. లేబర్ చార్జీ ఇవ్వలేదు.

---

క్యాబ్ సాబ్ (ఉప్పల్) | డిసెంబర్ 8, రాత్రి 12:50

అన్నలకి, అక్కలకి నమస్తే. మొత్తం చదివిన, కస్టమర్ కోసం ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో ఎదురుచూస్తున్నా. మీరందరూ గంటా, గంటన్నర గురించి మాట్లాడుతున్నారు. నేను రోజుకి పన్నెండు గంటలు కారులోనే ఉంటా. ఉప్పల్ నుంచి మొదలుపెడితే సికింద్రాబాద్, బేగంపేట, హైటెక్ సిటీ, ఎయిర్‌పోర్ట్, మళ్లీ వెనక్కి.

బటన్ నొక్కమంటున్నారు. ఏసీ లేకుండా బటన్ నొక్కి అద్దాలెత్తితే ఎండాకాలం ఉడికిపోతాం. ఏసీ వేస్తే గ్యాస్ తాగుతుంది, వచ్చే రేటులో ఆ ఖర్చు లేదు. అందుకే కస్టమర్ లేనప్పుడు చాలామందిమి అద్దాలు దించే తిరుగుతాం. కస్టమర్ ఎక్కి ఏసీ అడిగితే గొడవ, వెయ్యకపోతే ఒక్క స్టారు. మీరు పీల్చేదానికి మీ దగ్గర బటన్ ఉంది. నా దగ్గర కూడా ఉంది, దాని మీద రేటు రాసి ఉంది అంతే.

---

బైకుబాబాయ్ | డిసెంబర్ 8, ఉదయం 7:10

ఈ చర్చలో ఇప్పటిదాకా నేనే చివరివాణ్నని అనుకున్నా. క్యాబ్ సాబ్, నీకు సలాం.

---

ఓఆర్ఆర్ ఒంటరి | డిసెంబర్ 8, ఉదయం 8:05

అద్దాలు దించడం నాకు ఇష్టం కొద్దీ చేసే పని. ఇతనికి వేరే దారి లేక. ఈ తేడా నాకు ఇవాళే తట్టింది. ఇంతవరకు క్యాబ్ ఎక్కగానే ఏసీ వెయ్యమని అడిగేవాణ్ని, దిగేటప్పుడు రేటు గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

---

పానా పదహారు | డిసెంబర్ 8, ఉదయం 9:20

తమ్ముడూ, ఏసీ లేకుండా కూడా ఒకటి చెయ్యొచ్చు. ఇది చలికాలం. అద్దాలెత్తి, ఏసీ ఆపి, ఫ్యాన్ మాత్రం రెండు మీద పెట్టి బటన్ నొక్కు. బ్లోయరుకి అయ్యే కరెంటు లెక్కలోకి రాదు, ఫిల్టరు పని ఫిల్టరు చేస్తుంది. సిగ్నల్ దాటాక తీసెయ్యి. అద్దం మీద ఆవిరి పడితే కూడా తీసెయ్యాలి. ఎండాకాలం సంగతి నాకూ తెలీదు, అబద్ధపు ధైర్యం చెప్పను.

నీ బండి ఏ మోడలు, ఏ సంవత్సరం? కొన్ని పాత చిన్న బండ్ల తక్కువ మోడళ్లలో ఫిల్టరుకి చోటుంటుంది కానీ లోపల ఫిల్టరే పెట్టరు, ప్లాస్టిక్ మూత మూసేసి ఉంటుంది. క్యాబ్‌లకి అదే ఎక్కువ.

---

క్యాబ్ సాబ్ | డిసెంబర్ 8, మధ్యాహ్నం 3:30

2017 మోడల్, గ్లవ్ బాక్స్ దించి చూసిన. మీరన్నట్టే మూత ఉంది. లోపల ఖాళీ. ఏడేళ్లు నేను, వెనక కూర్చున్న కస్టమర్లు అందరం కలిసి ఫిల్టర్ లేకుండానే పీల్చినం.

---

పానా పదహారు | డిసెంబర్ 8, మధ్యాహ్నం 3:34

మూసాపేట వైపు ట్రిప్ పడితే ఫోన్ చెయ్యి, నంబరు ప్రైవేటు మెసేజ్‌లో పెట్టా. మూత కోసి సైజు ఫిల్టరు వేస్తా. ఫిల్టరు డబ్బులు ఇవ్వు చాలు.

---

పెట్రోల్‌పక్షి | డిసెంబర్ 8, సాయంత్రం 5:10

ఆ డబ్బులు నావి. వెనక్కి వచ్చిన మూడు ఫిల్టర్లలో ఒకటి.

---

క్యాబ్ సాబ్ | డిసెంబర్ 10, రాత్రి 11:15

వేయించిన అన్నా. పైసలు తీసుకోలే, చాయ్ కూడా ఆయనే తాగించిండు. ఇప్పుడు బాలానగర్ ఫ్లైఓవర్ కింద ఉన్నా, ముందర ఇసుక టిప్పర్. ఏసీ లేదు, ఫ్యాన్ రెండు మీద, బటన్ నొక్కిన. వెనక సీట్లో కస్టమర్ మేడమ్ అడుగుతున్నారు, "భయ్యా, గాలి ఏదో కొత్త కారు వాసన వస్తోందేంటి?" అని.

---

కొత్తకారు కిరణ్ | డిసెంబర్ 11, ఉదయం 10:02

హాయ్ ఫ్రెండ్స్, పైవి చదవడానికి టైమ్ లేదు. ఆ వంపు బాణం బటన్ దేనికి?